మూలం ఉంది సరే, అందులో ఏముంది?

వికీపీడియాలో కొత్తగా రాసేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫలానా సైటును మూలంగా ఇవ్వొచ్చా?" ఇవ్వొచ్చు, లేదా వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే వాళ్ళకీ హాయి, నాకూ హాయి. కానీ నేను తిరిగి "ఏ వాక్యానికి?" అని అడుగుతాను. సూటిగా చెప్పకుండా తిప్పుతున్నానని కొందరు విసుక్కుంటారు కూడా. ఏం చేయను, విషయమే అలాంటిది. ఒక కంపెనీ వెబ్‌సైటు ఉందనుకోండి. ఆ కంపెనీ ఏ సంవత్సరంలో పెట్టారు, ప్రధాన కార్యాలయం ఎక్కడ, ఇప్పుడు ఎండీ ఎవరు అనే వాటికి అదే చాలు. అదే సైటులో "ఈ రంగంలో మేమే నంబర్ వన్" అని రాసుంటే ఆ మాటకు మాత్రం అది పనికిరాదు. తన పెళ్ళి గురించి ఎవరైనా తన ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతాలో రాస్తే, అది నిజంగా వాళ్ళ ఖాతాయే అయితే, పెళ్ళి సంగతికి సరిపోతుంది. అదే మనిషి అదే ఖాతాలో పక్కింటాయన మీద ఆరోపణ చేస్తే ఆ ఆరోపణకు అది మూలం కాదు.

కాబట్టి నమ్మకం అనేది సైటు నుదుటి మీద రాసుండదు. వాక్యం ఏమంటోంది, ఆ సంగతి ఈ రాసినవాడికి తెలిసే వీలుందా, తప్పు రాస్తే వాడికి ఏమైనా నష్టం ఉందా, దిద్దుకునే అలవాటు ఉందా? నేను చూసేది ఇవే. ఇందులో కూడా రెండోది చాలామంది వదిలేస్తారు. రాసినవాడికి ఎలా తెలిసింది? అక్కడే ఉండి చూశాడా, ఎవరినైనా అడిగాడా, కాగితాలు తిరగేశాడా, లేక ఇంకో చోట చదివి రాశాడా? ఈ నాలుగోదే ఇంటర్నెట్‌లో నూటికి తొంభై పాళ్ళు. (ఇది లెక్కేసి చెప్పిన మాట కాదు, కడుపు మంటతో అన్న మాట.)

ఇంకో చోట చదివి రాశాడంటే, ఆ ఇంకో చోటు వికీపీడియాయే అయ్యే ప్రమాదం ఉంది. కోటి అని ఒక జంతువుంది, దక్షిణ అమెరికాలో ఉంటుంది, రకూన్ కుటుంబానిది. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి ఇంగ్లీషు వికీపీడియాలో ఆ జంతువు వ్యాసంలోకి వెళ్ళి, దీన్ని "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అని కూడా అంటారు అని ఒక ముక్క చేర్చాడు. సరదాకి. ఆర్డ్‌వార్క్ అసలు ఆఫ్రికా జంతువు, కోటికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మూలం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకు బ్రిటన్ పత్రికలు కోటి గురించి వార్తలు రాస్తూ ఆ పేరు వాడాయి, పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. ఆ తర్వాత వికీపీడియాలో ఆ ముక్క పక్కన మూలం కూడా వచ్చి చేరింది: ఒక పత్రిక వార్త! చూసేవాడికి అంతా సవ్యంగానే ఉంటుంది. పేరున్న పత్రిక, తేదీ ఉంది, లింకు పనిచేస్తోంది. 2014లో న్యూయార్కర్ పత్రిక ఈ కథంతా బయటపెట్టేదాకా ఆ పేరు అలాగే చెలామణీ అయింది. ఇలా మన మాటే చుట్టూ తిరిగి మన దగ్గరికే ఆధారంగా రావడానికి 2011లో ఒక వెబ్ కామిక్ "సైటోజెనిసిస్" అని పేరు పెట్టింది. వికీపీడియన్లు ఇప్పుడు ఆ పేరే వాడుతున్నారు.

దీన్ని పట్టుకోవడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. వ్యాసం పైన "చరితం" అనే ట్యాబు ఉంటుంది కదా, అందులో ఆ వాక్యం మొదటిసారి ఏ తేదీన చేరిందో వెతకండి. దానికోసం వికీబ్లేమ్ అనే పనిముట్టు ఉంది, ఏ మాట ఏ దిద్దుబాటులో వచ్చిందో చూపిస్తుంది. ఇప్పుడు మూలం ప్రచురించిన తేదీ చూడండి. వాక్యం 2008లో వస్తే, దానికి చూపిస్తున్న మూలం 2010ది అయితే, అనుమానించాల్సిందే. తప్పని తేలిపోయినట్టు కాదు, ఎవరో వాక్యం ముందు రాసి మూలం తర్వాత వెతికి పెట్టి ఉండొచ్చు. కానీ 2008కి ముందు ఎక్కడైనా ఆ మాట ఉందా అని పాత పుస్తకాల్లో, పాత పత్రికల్లో తేదీ పరిమితి పెట్టి వెతికి, ఏమీ దొరక్కపోతే ఇక తీసేయడమే.

2009లో సినీ సంగీత దర్శకుడు మారిస్ జార్ చనిపోయినప్పుడు డబ్లిన్‌లోని ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా ఒక మాట కల్పించి వికీపీడియాలో పెట్టాడు, విలేఖరులు ఏం చేస్తారో చూద్దామని. మూలం లేదని వికీపీడియన్లు దాన్ని వెంటనే తీసేశారు. అయినా ఈలోపే పెద్ద పెద్ద పత్రికల సంస్మరణ వ్యాసాల్లోకి అది వెళ్ళిపోయింది. తనే చెప్పుకునేదాకా ఎవరూ కనిపెట్టలేదు. పత్రిక పేరు చూసి దణ్ణం పెట్టేసేవాళ్ళకు నేను ఈ కథ చెబుతూ ఉంటాను.

ఇక మూలాల లెక్క గురించి. "దీనికి పన్నెండు మూలాలున్నాయి, ఇంకేం కావాలి" అని చర్చా పేజీలో వాదించేవాళ్ళను చూస్తూనే ఉంటాం. ఆ పన్నెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటి పేరా అన్నిట్లో అక్షరం పొల్లు పోకుండా ఒకటే. వార్తా సంస్థ పంపిన కాపీని అందరూ వేసుకున్నారు. అది పన్నెండు మూలాలు కాదు, ఒక్కటే. ఏజెన్సీ కాపీ అయితే నయమే, కనీసం అక్కడ ఒక విలేఖరి ఉన్నాడు. పీఆర్ వాళ్ళు పంపిన ప్రకటన అయితే మరీ అన్యాయం, ఆ మనిషి డబ్బిచ్చి రాయించుకున్నది పన్నెండు చోట్ల వచ్చిందంతే. గుర్తు పట్టడం తేలికే: "దార్శనికుడు", "స్ఫూర్తిప్రదాత", "అనతికాలంలోనే" అన్నీ అదే వరుసలో అన్ని సైట్లలోనూ ఉంటాయి, విలేఖరి పేరుండదు, ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటీ ఉండదు. పేజీ పైనో కిందో చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్", "బ్రాండ్ పోస్ట్", "భాగస్వామ్య కథనం" లాంటిది ఏదో ఒకటి ఉంటుంది. అది కళ్ళకు ఆనకుండా పెట్టడంలో వాళ్ళ తెలివి చూసి ముచ్చటేస్తుంది.

సినిమావాళ్ళ ఎత్తు, బరువు, ఆస్తి, కులం, పుట్టినరోజు రాసే సైట్ల గురించి ఎక్కువ చెప్పను. ఎవరు రాస్తున్నారో పేరుండదు, ఎక్కడి నుంచి తెచ్చారో ఉండదు. సినిమాల సమాచార సైటు ఐఎమ్‌డీబీ వీటికంటే చాలా నయమే అయినా, అందులో ఎక్కువ సమాచారం వాడుకరులే చేర్చేది కాబట్టి పుట్టిన తేదీలాంటి వాటికి పనికిరాదు.

సైటును పరీక్షించడం ఎలా అనే దానికి మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది ఏంటంటే, సైటు బాగుందా, "మా గురించి" పేజీ ఉందా, చివర డాట్ ఆర్గ్ ఉందా, అక్షర దోషాలున్నాయా అని చూడమని. ఇవన్నీ ఈ రోజుల్లో ఎవడైనా ఒక్క సాయంత్రంలో చేసేసుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. పదిమంది చరిత్ర పరిశోధకులు, పదిమంది వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తేల్చేవాళ్ళు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వీళ్ళకు ఇచ్చిన పనుల్లో ఒకటి, పిల్లల డాక్టర్ల సంఘాలు రెండింటి సైట్లు చూసి ఏది నమ్మదగిందో చెప్పడం. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్: 1930 నుంచి ఉంది, వేల మంది సభ్యులున్న అసలైన వృత్తి సంఘం. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్: స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడం మీద వచ్చిన విభేదంతో 2002లో విడిపోయిన చిన్న బృందం. పేర్లు చూస్తే తేడా తెలియదు, రెండు సైట్లూ నీటుగానే ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న బృందం వైపే మొగ్గారు. చరిత్రకారుల్లో చాలామంది ఎటూ తేల్చుకోలేకపోయారు, అంత చదువుకునీ. నిజానిజాలు తేల్చేవాళ్ళు మాత్రం అందరూ సరిగ్గా చెప్పారు, అదీ చాలా తక్కువ సేపట్లో.

వాళ్ళు చేసిందల్లా ఆ సైటులో ఎక్కువసేపు కూర్చోకపోవడం. తెరిచిన కాసేపటికే ఇంకో నాలుగు ట్యాబులు తెరిచి ఈ సంఘం గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. మిగతావాళ్ళు ఆ పేజీనే పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు. అంటే వాడి గురించి వాడినే అడిగారన్నమాట! నేనూ ఇప్పుడు తెలియని సైటు కనబడగానే దాని పేరు కొట్టి, దాని సొంత పేజీలు రాకుండా వెతుకుతాను. యజమాని ఎవరు, ఎప్పటి నుంచి ఉంది, ఎవరైనా తప్పులు పట్టుకున్నారా, పట్టుకుంటే వీళ్ళు సవరణ వేశారా. సవరణలు వేసే పత్రిక మీద నాకు గౌరవం ఎక్కువ. ఒక్క తప్పూ ఒప్పుకోని సైటంటే భయం.

పెద్ద పేరుంటే సరిపోదని ముందే అన్నాను, జర్నళ్ళకూ అంతే. లాన్సెట్ కంటే పెద్ద వైద్య పత్రిక ఏముంది చెప్పండి? 1998లో అందులోనే ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం కేవలం 12 మంది పిల్లల్ని చూసి ఎమ్ఎమ్ఆర్ టీకాకీ ఆటిజానికీ లంకె పెడుతూ వ్యాసం రాసింది, 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. మధ్యలో పన్నెండేళ్ళు. ఉపసంహరించిన వ్యాసాలు ఇంటర్నెట్ నుంచి మాయమైపోవు. పీడీఎఫ్ ఎవరి కంప్యూటర్లోనో ఉంటుంది, దాన్ని ఉటంకించిన వేరే వ్యాసాలుంటాయి. అందుకే వైద్యం విషయంలో వికీపీడియా ఒక్క పరిశోధనను పట్టుకుని వాక్యం రాయొద్దంటుంది, అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షా వ్యాసాలు వాడమంటుంది. ఇక డబ్బిస్తే ఏదైనా అచ్చేసే జర్నళ్ళ సంగతి వేరే. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి సైన్స్ పత్రిక కోసం, ఎవరు చదివినా పట్టుకోగల తప్పులతో ఒక బూటకపు పరిశోధనా పత్రం తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదివే) జర్నళ్ళకు పంపాడు. సగానికి పైగా జర్నళ్ళు అచ్చేస్తామన్నాయి. నిపుణుల పరిశీలన జరిగింది అని సైటులో రాసుంటే జరిగినట్టు కాదు.

ఇంకోటి, నమ్మకానికి తేదీ ఉంటుంది. ఇంగ్లీషు వికీపీడియాలో తరచూ చర్చకొచ్చే మూలాలకు ఒక పెద్ద పట్టిక ఉంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో. బ్రిటన్ పత్రిక డెయిలీ మెయిల్‌ను 2017లోనే సాధారణంగా వాడొద్దని తేల్చారు, అందులో అది ఎరుపులో ఉంటుంది. ఫోర్బ్స్‌ను రెండు ముక్కలు చేశారు: సొంత సిబ్బంది రాస్తే సరే, "కంట్రిబ్యూటర్" అని ఉంటే దాదాపు బ్లాగుతో సమానం. టెక్నాలజీ వార్తల సైటు సీనెట్‌ను కాలాన్ని బట్టి విడగొట్టారు: 2020 అక్టోబరుకు ముందువి నమ్మొచ్చు, ఆ తర్వాత యాజమాన్యం మారింది కాబట్టి జాగ్రత్త, ఏఐతో వ్యాసాలు రాయించిన 2022 చివరి నుంచైతే వద్దే వద్దు. నాకు ఈ పట్టిక చాలా ఇష్టం, కానీ కొందరు దాన్ని వేదవాక్కులా పట్టుకుని, ఆకుపచ్చ అయితే చదవకుండానే పెట్టేస్తారు, ఎరుపైతే చదవకుండానే పీకేస్తారు. పట్టికలో ఉన్నవి ఎక్కువగా ఇంగ్లీషు మూలాలు, అందులో లేని మూలం చెడ్డదని అర్థం కాదు.

చదవకుండా పెట్టడం అన్నాను కదా, నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది అదే. మూలం గొప్పది, లింకు పనిచేస్తుంది, తీరా తెరిస్తే నేతిబీరకాయలో నెయ్యి ఎంతో అందులో మన వాక్యం అంతే. "దేశంలోనే మొట్టమొదటి మహిళ" అని వ్యాసంలో ఉంటుంది, మూలంలో "తొలితరం మహిళల్లో ఒకరు" అని ఉంటుంది. "అవార్డు పొందింది" అని వ్యాసం, "అవార్డుకు నామినేట్ అయింది" అని మూలం. "ప్రభుత్వం నిర్మించింది" అని ఇక్కడ, "నిర్మిస్తామని మంత్రి ప్రకటించారు" అని అక్కడ. చివరిది మరీ ఎక్కువ. శంకుస్థాపన వార్తలతో ఎన్ని వంతెనలు వికీపీడియాలో పూర్తయిపోయాయో! "మొట్టమొదటి", "ఏకైక", "అతి పెద్ద" అనే మాటలు కనబడితే నేను ముందు మూలం తెరుస్తాను, తర్వాతే మిగతా వ్యాసం చదువుతాను.

ఈ మధ్య దీనికి తోడు ఏఐ మూలాలు. రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటి, పేజీలు అన్నీ ఉంటాయి, ఆ వ్యాసం మాత్రం భూమ్మీద ఉండదు. డీఓఐ (పరిశోధనా వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు) నొక్కితే తెరుచుకోదు, లేదా కప్పల గురించి ఇచ్చిన డీఓఐ కాంక్రీటు గురించిన వ్యాసానికి పోతుంది. పుస్తకమైతే దాని గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ చూడండి. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్‌లో మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్ళీ 1తో, ఇలా మార్చి మార్చి గుణించి అన్నీ కూడితే వచ్చిన మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. కల్పించిన అంకెలు చాలాసార్లు ఇక్కడే దొరికిపోతాయి, వికీపీడియా తనే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. లెక్క కుదిరినంత మాత్రాన వదలొద్దు, ఆ నంబరు వేరే పుస్తకానిది కావొచ్చు. ఇంకో గుర్తు లింకు చివర ఉంటుంది: "యూటీఎం సోర్స్" అని, దాని పక్కనే చాట్‌జీపీటీ పేరు. అలా ఉంటే ఆ లింకు చాట్‌బాట్ ఇచ్చిందని అర్థం. లింకు అసలుదే కావొచ్చు, అందులో మంచి సమాచారమే ఉండొచ్చు, కానీ పెట్టినాయన దాన్ని తెరిచి చదివాడా అన్నదే అనుమానం, కాబట్టి ఆ దిద్దుబాటు మొత్తం చూసుకోవాలి.

నియమాల వల్ల అన్యాయం జరగదా అంటే, జరుగుతుంది. 2012లో నవలాకారుడు ఫిలిప్ రాత్ తన నవలలో పాత్రకు స్ఫూర్తి ఎవరో వికీపీడియాలో తప్పు రాశారని, దిద్దమని అడిగితే, రచయితగా మీ మాట విలువైనదే కానీ వేరే మూలం కావాలన్నారట. ఆయనకు ఒళ్ళు మండి న్యూయార్కర్‌లో బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖే మూలమైంది! అందరూ దీన్ని చెప్పి నవ్వుతారు గానీ, నాకు ఇందులో వికీపీడియన్ల వైపే కొంచెం మొగ్గు ఉంది, ఎందుకంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి నేనే ఆయన్ని అంటే ఒప్పుకునే పద్ధతి వస్తే రేపు ఎవరి గతాన్ని వాళ్ళే కడుక్కుంటారు. డోనా స్ట్రిక్‌లాండ్ విషయంలో మాత్రం ఆ మొగ్గు లేదు. ఆమె మీద రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో, ఇచ్చిన మూలాలు ప్రాముఖ్యతను చూపడం లేదని తిరస్కరించారు. అక్టోబరులో ఆమెకు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె పని గొప్పదే, ఆమె గురించి పత్రికల్లో రాసినవాళ్ళు తక్కువ. పత్రికలు ఎవరిని పట్టించుకోవో వాళ్ళు వికీపీడియాలోనూ ఉండరు, ఎంత మంచి నియమం పెట్టుకున్నా ఈ బొక్క పూడదు.

దొరికిన మంచి మూలం కూడా నిలవదు. 2024లో ప్యూ రీసెర్చ్ సెంటర్ చూస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకు లేవు, ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల్లో 54 శాతం వాటిల్లో కనీసం ఒక మూలం లింకు చచ్చిపోయింది. కొన్ని చావకుండా ఇంకా ఘోరం జరుగుతుంది: మూతపడ్డ పత్రిక డొమైన్‌ను ఎవరో కొనుక్కుని జూదం ప్రకటనలు పెట్టుకుంటారు, మన మూలం నొక్కిన పాఠకుడు పోయి అక్కడ పడతాడు. మూలం ఇచ్చిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో ఆ పేజీని భద్రం చేసి ఆ లింకు కూడా పెట్టండి, నిమిషం పని.

బతికున్న మనుషుల వ్యాసాల్లో చెడ్డ ఆరోపణకు గట్టి మూలం లేకపోతే నేను "మూలం కావాలి" మూస (ఆధారం అడిగే గుర్తు) పెట్టి ఎదురుచూడను, తీసేస్తాను. 2005లో జాన్ సీగెంథలర్ అనే సీనియర్ పాత్రికేయుడికి కెనడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందని ఎవరో రాస్తే అది దాదాపు నాలుగు నెలలు అలాగే ఉంది. ఆయన రాబర్ట్ కెనడీ దగ్గర పనిచేసిన మనిషి! మిగతా చోట్ల కాస్త ఓపిక పడతాను. పుట్టిన సంవత్సరం మీద రెండు మంచి మూలాలు కొట్టుకుంటుంటే ఏది నిజమో నేను తీర్పు చెప్పను, ఫలానా చోట ఇలా ఉంది, ఫలానా చోట అలా ఉంది అని వ్యాసంలో రెండూ రాసి, వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. వారం తిరక్కుండా ఎవరో ఒకరు వచ్చి తేదీ, నెలతో సహా నింపేసి పోతారు, మూలం లేకుండా.